బొమ్మ వేయడం వచ్చు, బిల్లు వేయడం?

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. మాది సిద్దిపేట దగ్గర ఒక ఊరు. మాసబ్‌ట్యాంక్‌లో బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ చేశాను. నాలుగేళ్లుగా జూబ్లీహిల్స్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో పనిచేస్తున్నాను, చేతికి 38 వేలు వస్తుంది. రాత్రిళ్లు, ఆదివారాలు బయటి పనులు చేస్తుంటాను. లోగోలు, మెనూ కార్డులు, పచ్చళ్ల లేబుళ్లు, ఇన్‌స్టా పోస్టులు. లోగోకు 3,500 తీసుకుంటాను. కిందటేడు బయటి పనుల మీద 2 లక్షల 10 వేలు రావాలి, చేతికి వచ్చింది 1 లక్షా 30 వేలే. కూకట్‌పల్లిలో ఒక బిర్యానీ హోటల్ వాళ్లే లోగో, మెనూ, మూడు నెలల పోస్టులు కలిపి 18 వేలు ఇవ్వాలి. నా లోగో వాళ్ల బోర్డు మీద రాత్రంతా వెలుగుతోంది. ఫోన్ చేస్తే "చూద్దాం మేడమ్" అంటారు. ఉద్యోగం మానేసి సొంత స్టూడియో పెట్టాలని ఉంది. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఫిఫ్టీ ఫిఫ్టీ పార్ట్‌నర్‌గా వస్తానంటోంది, ముద్రా లోన్ తీసుకుని మంచి సిస్టమ్ కొందామంటోంది. నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరయ్యారు. "నెలనెలా పైసలు పడుతున్నయి గద బిడ్డా, ఎందుకు ఇడుస్తవ్" అంటున్నారు. అసలు నాలో అంత టాలెంట్ ఉందా అన్నదీ అనుమానమే. ఏం చేయమంటావు?
— పేరు వద్దన్న పాఠకురాలు, యూసుఫ్‌గూడ

జవాబు: అక్కా అన్నావు, నేనూ నువ్వు అనే రాస్తాను.

ముందు టాలెంట్ సంగతి తేల్చేద్దాం. నువ్వు పంపిన ఆరు బొమ్మలూ చూశాను. గోంగూర పచ్చడి లేబుల్ మీద 'గో'లోని గీతను ఆకు చేసి వదిలావు చూడు, దాన్ని నేను మా స్టూడియో పిల్లలకు కూడా చూపించాను. బిర్యానీ మెనూ మాత్రం కిక్కిరిసిపోయింది, ధరలు కనపడటం లేదు. అది సరిదిద్దుకోగలిగిన తప్పే. కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టెయ్. నీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ఆ 18 వేల దగ్గర.

నాకూ ఒక 12 వేలు ఉండేది. 2003లో, కోఠి వైపు ఒక చీరల దుకాణం. దసరాకు కొత్త బోర్డు, కవర్లు, కరపత్రం అన్నీ నేనే చేశాను. పది రోజులు నిద్ర లేదు. కోరల్‌డ్రాలో చేసిన ఫైళ్లు సీడీలో రాసి, దాని మీద మార్కర్‌తో దుకాణం పేరు కూడా అందంగా రాసి ఇచ్చి వచ్చాను. డబ్బు కోసం పదకొండు సార్లు తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ ఓనర్ కూర్చోబెట్టి థమ్సప్ తెప్పించేవాడు. పదకొండు థమ్సప్‌లు తాగాను, పన్నెండోసారి వెళ్లలేదు. చాలాకాలం అతన్ని మోసగాడనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, అదే వారం అతను ఫ్లెక్స్ వాడికి, కవర్లు కుట్టినవాడికి, బోర్డు బిగించినవాడికి రొక్కం ఇచ్చాడని. వాళ్లకెందుకిచ్చాడు? డబ్బు ఇవ్వందే ఫ్లెక్స్ వాడు ఫ్లెక్స్ చుట్ట వదలడు. బోర్డు వాడు నిచ్చెన ఎక్కడు. నేను సీడీ ఇచ్చేశాను. ఇక నాకు ఇవ్వాల్సిన అవసరం ఏముంది అతనికి?

మన పనిలో చిక్కంతా ఇదే. కంసాలి దగ్గర నగ ఉంటుంది, దర్జీ దగ్గర బట్ట ఉంటుంది. మన సరుకు వాట్సాప్‌లో ఒక్క నొక్కుతో వెళ్లిపోతుంది, వెళ్లాక మళ్లీ మన చేతికి రాదు. నువ్వు బిర్యానీ హోటల్‌కు లోగో అసలు ఫైల్ (ఇలస్ట్రేటర్‌ది) ఎప్పుడు పంపావో ఫోన్ తీసి చూసుకో. ఓకే అన్న రోజు రాత్రే పంపి ఉంటావు. ఆ ఉత్సాహం నాకు తెలుసు.

నేను ఇప్పుడు ఎలా చేస్తానో చెబుతాను. మాట అయ్యాక ఒక పేజీ కొటేషన్ పంపుతాను, తెలుగులోనే. అందులో ఇంతే ఉంటుంది: "లోగో, తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో. మొదట మూడు నమూనాలు. మీరు ఎంచుకున్నదాని మీద రెండుసార్లు మార్పులు. మూడోసారి నుంచి మార్పుకు 1,500. సగం డబ్బు అందాక పని మొదలు, మిగతా సగం అందాక ఫైళ్లు. పది రోజులు మీ నుంచి జవాబు రాకపోతే పని ముగిసినట్టు లెక్క." ఆ చివరి వాక్యం నాకు ఎంత తెరిపి ఇచ్చిందో చెప్పలేను. సగం చేసి ఆగిపోయిన పనులు ఒకప్పుడు నా హార్డ్ డిస్క్‌లో ఏళ్ల తరబడి మూలిగేవి. నమూనాలు ఎప్పుడూ చిన్న సైజు జేపీజీలే, అడ్డంగా స్టూడియో పేరుతో. అడ్వాన్స్ అడిగితే క్లయింట్ పారిపోతాడని నీ భయం. కొందరు పారిపోతారు. వాళ్లు తర్వాత డబ్బు ఎగ్గొట్టేవాళ్లే, ముందే తెలిసిపోయింది, అంతే.

చట్టం కూడా కొంత నీ వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మ కంపెనీది. బయటివాళ్లకు స్వతంత్రంగా వేసిన లోగో మాత్రం, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా, మామూలుగా వేసినవాళ్లదే. అందుకే నా బిల్లు అడుగున ఒక వాక్యం ఉంటుంది: పూర్తి మొత్తం అందిన రోజున ఈ లోగో హక్కులు మీకు బదిలీ అవుతాయి. ఎన్నేళ్లకు, ఎక్కడెక్కడికి అన్నది కూడా రాయాలి. రాయకపోతే 5 ఏళ్లకు, ఇండియా వరకు అని చట్టం అనుకుంటుంది. మొదటి మాటకే ఇంకో కొస ఉంది. ఏజెన్సీలో నువ్వు చేసిన క్యాంపెయిన్లు నీవి కావు. రేపు పోర్ట్‌ఫోలియోలో పెట్టాలంటే వాళ్లను అడిగి, ఒప్పుకున్నట్టు మెయిల్‌లో తీసుకుని పెట్టు. అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఒకసారి తీసి చదువు. బయటి పనులు చేయకూడదన్న క్లాజు చాలామంది లెటర్లలో ఉంటుంది, సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు.

ఇంకొకటి, ఉద్యం, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఫీజు లేదు. ఎవరైనా వెయ్యి, రెండు వేలు అడిగితే వాళ్లు మధ్యలో కూర్చున్నవాళ్లని అర్థం. దాని లాభం ఏమిటంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం కింద చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. చిన్న సంస్థలకు గడువులోపు ఇవ్వని బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వని నిబంధన కూడా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో వచ్చింది. మార్చి నెలలో కంపెనీల అకౌంట్స్ వాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి "మీకు ఉద్యం ఉందా మేడమ్" అని అడగడం అప్పటి నుంచే చూస్తున్నాను. అయితే ముందు రిజిస్ట్రేషన్, తర్వాత పని. పాత బిర్యానీ బాకీకి దీన్ని నమ్ముకోకు.

ఇప్పుడు ధర. 3,500 ఎక్కణ్నుంచి వచ్చింది? పక్కవాళ్లు 3,000 అంటున్నారని ఐదొందలు కలిపావు, అవునా? ఇలా వేసి చూడు. అద్దె, తిండి, ఇంటికి పంపేది కలిపి నీకు నెలకు 30 వేలు అనుకుందాం. సాఫ్ట్‌వేర్ చందాలు, నెట్, తిరుగుడు, లాప్‌టాప్ అరుగుదల, సీఏ ఫీజు 12 వేలు. పన్నుకూ కష్టకాలానికీ 8 వేలు. మొత్తం 50 వేలు. నెలకు 24 పని దినాలు. అందులో సగం మాట్లాడటానికి, కొటేషన్లు రాయడానికి, డబ్బు కోసం తిరగడానికి పోతాయి. ఇది ఎవరూ నమ్మరు, నేనూ నమ్మలేదు, ఒక ఏడాది డైరీలో రాసుకుని చూశాక నమ్మాను. మిగిలింది 12 రోజులు. అంటే నీ ఒక్క రోజు ఖరీదు దాదాపు 4,200. లోగోకు నికరంగా ఐదు రోజులు పడితే 21 వేలు. నువ్వు 3,500కు ఇస్తున్నావంటే మిగతా 17,500 ఎవరు కడుతున్నట్టు? జూబ్లీహిల్స్ ఏజెన్సీ జీతం కడుతోంది. ఆ జీతం ఆగిన మర్నాడు నీ ధర నిన్నే తినేస్తుంది.

21 వేలు అంటే ఎవరిస్తారు అంటావు. అందరూ ఇవ్వరు. అందుకే అందరికీ అన్నీ చేయడం మానెయ్యాలి. నీకు పనికొచ్చే దారి నువ్వు పంపిన బొమ్మల్లోనే ఉంది, కానీ నువ్వు దాన్ని గమనించినట్టు లేదు. నీకు తెలుగు అక్షరం వచ్చు.

నవ్వకు. ఈ ఊళ్లో డిజైనర్లు వేలమంది, తెలుగు అక్షరాన్ని సరిగ్గా కూర్చోబెట్టేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఏ రోడ్డులోనైనా బోర్డులు చూసుకుంటూ నడువు. "పచ్చళ్లు" కాస్తా "పచ్‌చళ్‌లు" అయి ఉంటుంది. పాత ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగ్ ఆన్ చేయకుండా టైపు చేస్తే ఒత్తు విడిపోయి పొల్లు పైకొచ్చి కూర్చుంటుంది. చేసిన కుర్రాడికి తెలుగు చదవడం రాదు, దుకాణదారుకు చూసే తీరిక లేదు, ఫ్లెక్స్ ప్రింటయిపోతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ల ఎడం తెలుగుకు పెడితే పై లైనులోని ఒత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టిన మేటర్‌ను అలాగే కాపీ చేసి ఇన్‌స్టాలో వేస్తే అర్థంలేని గుర్తుల వరస వస్తుంది, ఎందుకంటే అది ఫోన్లు, వెబ్‌సైట్లు చదివే యూనికోడ్ కాదు. వీటిని సరిచేయగలిగిన మనిషి కోసం మంచి కంపెనీలు వెతుకుతుంటాయి. ముంబై, బెంగళూరు ఏజెన్సీలు తమ యాడ్‌లను తెలుగులోకి తెచ్చేటప్పుడు అక్షరం కూర్చడానికి ఇక్కడ మనిషి కోసం అడగడం నాకు అనుభవమే. రామభద్ర, మండలి, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సులో ఉన్నాయి, క్లయింట్ పనికి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంట్‌తో మాత్రం లోగో చేయకు. బాపు గారు చదివింది లా, బతికింది గీతలో. ఆయన చేతిరాతను ఇప్పటికీ శుభలేఖల మీద అడిగి వేయించుకుంటున్నారంటే తెలుగువాళ్లకు అక్షరం మీద మోజు తగ్గలేదనే కదా.

ఇక పచ్చళ్ల లేబుళ్లు. వాటిని నువ్వు చిల్లర పనిలా రాశావు. నా దృష్టిలో నీకు అన్నం పెట్టేవి అవే. ఇంట్లో పచ్చళ్లు, పొడులు, మిల్లెట్ లడ్డూలు చేసి అమ్మేవాళ్లు ఈ ఊళ్లో గల్లీకి ఇద్దరున్నారు. వాళ్లకు బొమ్మతో పాటు లేబుల్ మీద ఏముండాలో చెప్పే మనిషి కావాలి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, పదార్థాల పట్టిక, పోషకాల పట్టిక, శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం. తప్పనిసరి వివరాలన్నీ ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనం. అంటే చిన్న సీసా చుట్టూ రెండు భాషలు ఇరికించి, ఆ పైన ఆవకాయ నోరూరేలా కనపడాలి. ఇది చేయగలిగినవాళ్లను క్లయింట్ వదలడు. మామిడికాయ అయ్యాక ఉసిరి వస్తుంది, ఉసిరి అయ్యాక చింతకాయ, దసరాకు గిఫ్ట్ బాక్స్. నా దగ్గర ఒకావిడ నాలుగు లేబుళ్లతో వచ్చింది, ఇప్పుడు ముప్పై దాటాయి. పనిచేసేది ఇద్దరు ఆడవాళ్లతో, డబ్బు మాత్రం నా పెద్ద క్లయింట్లందరి కంటే ముందు పంపుతుంది.

దానికి నువ్వు ప్రెస్సులో నిలబడాలి. కాలేజీ ల్యాబ్‌లో నేర్పనిది అక్కడ నేర్పుతారు, కాస్త తిట్టి మరీ. ఫోన్‌లో మెరిసే చిలకపచ్చ ఆఫ్‌సెట్‌లో పాలిపోయి ఎలా వస్తుందో, అంచుకు 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు రంగు, వదలకపోతే కట్టింగ్‌లో తెల్ల గీత ఎలా పడుతుందో, నూనె మరక తగిలాక ఏ కాగితం నిలుస్తుందో కళ్లారా చూడు. ఒక శనివారం ఛత్తా బజార్ వెళ్లి రా. శుభలేఖల వీధి అది. ఉర్దూ కాతిబులు కలంతో అక్షరాలు దిద్దిన చోటు. ఎవరో ఒకరు చాయ్ ఇస్తారు, అడిగితే కాగితం గురించి గంటసేపు చెబుతారు.

నీ స్నేహితురాలి విషయం. అమ్మాయి మంచిదే అయ్యుంటుంది. కానీ ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నది ఎవరేం చేస్తారో తేలకముందే అనుకున్న మాట. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, విడిగా ఏమీ రాసుకోకపోతే లాభం సమానం. అప్పులకు మాత్రం ఇద్దరిలో ఎవరినైనా మొత్తానికీ పట్టుకోవచ్చు. ఆమె అడ్వాన్స్ తీసుకుని పని ఎగ్గొడితే క్లయింట్ నీ గుమ్మం ముందుకే వస్తాడు. మూడు పనులు కలిసి చేయండి, పనిపనికీ వాటా ముందే కాగితం మీద రాసుకుని. మూడో పని అయ్యేసరికి ఒకరి ఫోన్ ఒకరు ఎత్తుతున్నారంటే అప్పుడు పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకోవచ్చు. ప్రస్తుతానికి నువ్వొక్కదానివే ప్రొప్రైటర్‌గా మొదలుపెట్టు, ఉద్యం సర్టిఫికెట్‌తో కరెంట్ అకౌంట్ తెరువు, జీతం పడే ఖాతాలో ఇవి కలపకు. సర్వీసులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ తప్పనిసరి కాదు. కంపెనీలు బిల్లులో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే పన్ను, పట్టుకుంటే కంగారుపడకు, అది నీ పాన్ మీద జమవుతుంది, పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ముద్రా లోన్ ఇప్పుడు వద్దు. శిశు కింద 50 వేల దాకా, ఆ పైన కిశోర్, తరుణ్ కింద ఇంకా ఎక్కువ, పూచీ లేకుండానే ఇస్తారు, నిజమే. నీకు ఆగింది కంప్యూటర్ దగ్గర కాదు. కిస్తీ మొదలైతే మళ్లీ 3,500 లోగోలకే ఒప్పుకుంటావు. టీ-హబ్ గురించి ఎవరైనా చెబుతారు. అది ప్రధానంగా టెక్నాలజీ స్టార్టప్‌ల కోసం, నీ స్టూడియోకు అంతగా పొసగదు. ఆడవాళ్ల వ్యాపారాల కోసం 2018లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన వీ-హబ్‌కు ఒకసారి వెళ్లి కూర్చుని మాట్లాడు. నీకు పనికొచ్చే పచ్చళ్ల వాళ్లూ, బొటిక్ వాళ్లూ అక్కడే తగలొచ్చు.

ఉద్యోగం ఎప్పుడు మానాలి? తేదీ చెప్పను, రెండు గుర్తులు చెబుతాను. బ్యాంకులో ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1 లక్షా 80 వేలు కదలకుండా ఉండాలి. నెలనెలా ఒకే మొత్తం ఇచ్చే క్లయింట్లు ఇద్దరు, తలా 12 వేల లెక్కన, మూడు నెలలు ఆగకుండా ఇచ్చి ఉండాలి. ఇప్పుడు నీకు రెండూ లేవు. కానీ మొదటిదానిలో దాదాపు సగం నీ బాకీలలోనే ఉంది, 80 వేలు. అందుకే కొత్త పనుల కంటే ముందు పాత బాకీలు వసూలు చెయ్.

నాన్నగారితో వాదించకు. ఆర్టీసీలో ఒకటో తారీకు జీతంతో పిల్లను మాసబ్‌ట్యాంక్‌లో చదివించిన మనిషి, ఆయన భయం గాలి మాట కాదు. నీ టాలెంట్ గురించి చెప్పకు, ఒక నోట్‌బుక్ చూపించు. ఎడమవైపు పేజీలో బిల్లు, కుడివైపు వచ్చిన డబ్బు, తేదీతో. మెకానిక్ కదా, లాగ్‌బుక్ భాష ఆయనకు నీకంటే బాగా అర్థమవుతుంది. నెలనెలా చూపిస్తూ ఉండు. ఏదో ఒక నెల ఆయనే "వీడు ఇంకా ఇయ్యలేదేంది" అని అడుగుతాడు చూడు.

ఇక బిర్యానీ. ఇన్నాళ్లూ "సర్, పేమెంట్ సంగతి" అని మెసేజ్ పెడుతూ వచ్చి ఉంటావు. ఈసారి ఇలా రాయి: "నమస్తే అండీ. లోగో, మెనూ, మూడు నెలల పోస్టులకు 18,000 రావాలి. బిల్లు జతచేశాను. సోమవారం మధ్యాహ్నం వస్తున్నాను. చెల్లింపు అందగానే లోగో హక్కుల పత్రం మీ పేరుతో రాసి ఇస్తాను, ట్రేడ్‌మార్క్‌కు వేసేటప్పుడు మీకు పనికొస్తుంది." బెదిరింపు లేదు, బతిమాలడం లేదు, పైగా అతనికి కావాల్సింది ఒకటి నీ చేతిలో ఉందని తెలుస్తుంది. రెండో బ్రాంచి పెట్టే ఆలోచన ఉన్నవాడైతే ఆ కాగితం విలువ ఇట్టే పట్టేస్తాడు. మొత్తం ఒకేసారి ఇవ్వలేనంటే మూడు భాగాలకు ఒప్పుకో, మొదటి 6 వేలు మాత్రం అక్కడే ఫోన్‌లో వేయించుకో.

పొద్దున వెళ్లకు, బోణీ కాలేదంటాడు. ఒంటిగంటకు వెళితే నిన్ను చూడను కూడా చూడడు. మూడున్నరకు వెళ్లు. లంచ్ రద్దీ తగ్గి, గల్లాపెట్టె దగ్గర అతనే కూర్చుని లెక్క చూసుకుంటూ ఉంటాడు. బిల్లు రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద సంతకం, తేదీ పెట్టించుకో. థమ్సప్ తెప్పిస్తే తాగు, కానీ సంతకం అయ్యాకే.